గోదావరికి ఎగువన అతిథి ఉపన్యాసం

మా అంతర్వేదిలో గోదావరి అంటే అయిపోయే నది. వచ్చి సముద్రంలో కలుస్తుంది, అంతే. అది ఏయే ఊళ్ళు తిరిగి వస్తుందో, దాన్ని ఎవరు ఎక్కడ దాటుతారో మా ఊళ్ళో ఎవరికీ పట్టదు. బతుకంతా అక్కడి లైట్‌హౌస్‌లో దీపం వెలిగించిన నాకు అసలే పట్టలేదు. నా చూపంతా సముద్రం వైపు. నది నా వీపు వెనకాల ఉండేది.

ఉద్యోగం నుంచి దిగిపోయిన ఏడాది, దసరా వెళ్ళాక, నేనూ నా భార్య సత్యవతీ ఆ నదికి ఎగువన ఉన్న కరీంనగర్ జిల్లాకీ, అక్కణ్ణించి నది దాటి ఆదిలాబాద్ జిల్లాకీ వెళ్ళి వచ్చాం. తీర్థయాత్ర కాదు, చుట్టాల పెళ్ళీ కాదు. ఉపన్యాసాలు ఇవ్వడానికి వెళ్ళాం. ఈ మాట చెబితే మా వీధిలో ఇప్పటికీ నవ్వుతారు.

దీనికంతటికీ కారకుడు రాజేశ్వర్రావు గారు. కరీంనగర్‌లో విత్తనాలూ ఎరువులూ అమ్మే పెద్ద దుకాణం ఆయనది. అంతకుముందు ఒకసారి అంతర్వేది స్వామి కల్యాణానికి వచ్చి, నాతో పాటు లైట్‌హౌస్ ఎక్కి, సాయంత్రం దాకా ప్రశ్నలు అడిగారు. ఆయన వాళ్ళ ఊరి సేవా క్లబ్బుకి కార్యదర్శి. ఊళ్ళోని డాక్టర్లు, వకీళ్ళు, వ్యాపారస్తులు వారానికోసారి కలిసి భోంచేసి, ఎవరో ఒక అతిథి మాటలు విని, ఊరికి పనికొచ్చే పని ఒకటి తలపెడతారు. కళ్ళ పరీక్షల శిబిరాలు, ఎండాకాలం చలివేంద్రాలు అలాంటివి. వారం వారం కొత్త అతిథిని వెతికి తేవడం రాజేశ్వర్రావు గారి పని. డాక్టర్లు అయిపోయారు, తహసీల్దారు మూడు సార్లు వచ్చి వెళ్ళారు, చివరికి సొంత బావమరిదిని పిలిచి కోళ్ళ పెంపకం మీద మాట్లాడించారట. ఇక ఎవరూ దొరక్క నాకు కబురు పెట్టారు. సముద్రం గురించి మాట్లాడాలి, కరీంనగర్‌తో పాటు లక్సెట్టిపేట, ఖానాపూర్ క్లబ్బుల్లో కూడా.

సత్యవతి విని, ఇంట్లోనే నాలుగు మాటలు మాట్లాడని మనిషి మూడు ఊళ్ళలో ఏం మాట్లాడతాడో చూడాలని తనూ బయల్దేరింది. దారిలో పంచడానికి ఒక డబ్బా నిండా పూతరేకులు కట్టుకుంది.

కరీంనగర్: గంట కొడితేనే భోజనం

మొదటి పొరపాటు రాజేశ్వర్రావు గారింట్లో జరిగింది. మా కోనసీమలో ఎవరేం అడిగినా మర్యాదగా "ఆయ్" అంటాం. ప్రయాణం బాగా జరిగిందా అంటే ఆయ్, స్నానం చేస్తారా అంటే ఆయ్. పక్కన మంచం మీద కూర్చున్న ఆయన తల్లి, ఎనభై దాటిన మనిషి, కాసేపు నన్నే జాలిగా చూసింది.

"ఏడ నొస్తుంది కొడుకా?" అని అడిగింది.

నొప్పి కాదు, అది మా ఊరి మర్యాద అని చెప్పేసరికి ఇల్లంతా నవ్వులు. ఆ తర్వాత అక్కడున్నన్నాళ్ళూ ఆవిడ ఏం పెట్టినా ముందు తనే "ఆయ్" అనేది.

ఆ ఇంట్లోనే మొదటిసారి సర్వపిండి తిన్నాం. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, కరివేపాకు కలిపి, గిన్నె లోపలి గోడకే అద్ది కాలుస్తారు. అట్టు అంటే పెనం మీద వేసేదేనని నమ్మిన సత్యవతి ఆ గిన్నెని తిప్పి తిప్పి చూసింది. బజారులో టీ అని అడిగితే ఒకసారికి వినిపించుకోరు, చాయ్ అనాలి. పావలాకి ఒక గ్లాసు. మాకంటే పాలెక్కువ, చక్కెర ఇంకా ఎక్కువ.

క్లబ్బు సమావేశం ఒక హోటలు మేడ మీద. అధ్యక్షుడు చిన్న ఇత్తడి గంట కొట్టగానే అందరూ లేచి నిలబడ్డారు. తర్వాత ఒక బట్టల వ్యాపారి రేకు డబ్బా పట్టుకుని బయల్దేరాడు. ఆయన జరిమానాల అధికారి. కొత్త చొక్కా వేసుకుని ఎవరికీ చెప్పనందుకు ఒకరికి రూపాయి, పెళ్ళిరోజు మరిచిపోయినందుకు డాక్టరుగారికి రూపాయి, మరిచిపోయిన సంగతి పోయి డాక్టరుగారి భార్యకి చెప్పినందుకు వకీలుగారికి రూపాయి. "ఆయ్" అన్నందుకు నాకూ పడింది. ఆ డబ్బులతో బడి పిల్లలకి పలకలు కొంటారట. డబ్బులు పోగొట్టుకుంటూ పెద్దమనుషులు అంత సంతోషంగా నవ్వడం నేను ఎక్కడా చూడలేదు.

భోజనాల దగ్గర ఆ బట్టల వ్యాపారే నా పక్కన కూర్చున్నాడు. పప్పు వడ్డిస్తూ, పదేళ్ళ కిందట ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో ఇదే వీధిలో మీ ఆంధ్రావాళ్ళు వెళ్ళిపోవాలని అరిచి వీపు మీద లాఠీదెబ్బలు తిన్నానని చెప్పాడు. అన్నం కలుపుతున్న నా చెయ్యి ఆగిపోయింది.

"అప్పుడన్నది అబద్ధం కాదు సార్, గిప్పుడు పెడుతున్నది గూడ అబద్ధం కాదు. తినుండ్రి," అని ఇంకో గరిటె వేశాడు.

ఇక నా ఉపన్యాసం. అద్దాలు ఎలా తిరుగుతాయి, కిరసనాయిలు ఆవిరై ఎలా మండుతుంది, వెలుగు ఎన్ని మైళ్ళు పోతుంది, అన్నీ వరసగా చెప్పాను. కాసేపటికి ముందు వరసలో ఇద్దరు కునుకు తీశారు. అయిపోయాక ఒక ముసలి వకీలు లేచి, అరవై ఏళ్ళొచ్చినా ఇంతవరకు సముద్రం చూడలేదని, అది ఎట్లుంటదో ఒక్క ముక్కలో చెప్పమని అడిగాడు. నేను పెద్దది అన్నాను. నీలంగా ఉంటుంది అన్నాను.

వెనక ఆడవాళ్ళ కుర్చీల్లోంచి సత్యవతి లేచింది. "మా ఇంట్లో మాటలన్నీ కొంచెం గట్టిగానే ఉంటాయండి. రాత్రీ పగలూ అది హోరుమంటూనే ఉంటుంది కదా. పుట్టింటికి వెళ్ళినప్పుడు ఆ హోరు లేక నాకు నిద్ర పట్టదు. ఊరందరికీ ఒకే అత్తగారు ఉన్నట్టు అనుకోండి," అంది.

మేడంతా ఘొల్లున నవ్వింది. కునుకు తీసినవాళ్ళు కూడా లేచి కూర్చుని, చేపలవాళ్ళ గురించి, తుఫాను గురించి ఆవిడని అడగడం మొదలుపెట్టారు. ఇక ముందు ఊళ్ళలో ఇద్దరం మాట్లాడాలని, సగం సమయం ఆవిడదని అక్కడే నిర్ణయమైపోయింది.

ధర్మపురి: మన స్వామికి ఇంకో ఇల్లు

లక్సెట్టిపేట వెళ్ళే దారిలో ధర్మపురిలో దిగాం. అక్కడ ఉన్నదీ లక్ష్మీనరసింహస్వామే. అంతర్వేదిలో నది చివర ఆయన, ఇక్కడ ఇంత ఎగువన మళ్ళీ ఆయనే. ఎక్కణ్ణించి వచ్చామో చెబితే గుడి పూజారి, మీరు పక్కింటి నుంచి వచ్చినట్టే లెక్క అని ఇంకో దోసెడు పులిహోర పెట్టాడు.

కాని నది మాత్రం నేను ఎరిగిన నది కాదు. మా దగ్గర గోదావరి బురదరంగు, ఉప్పు రుచి, అవతలి గట్టు కనపడనంత వెడల్పు. ఇక్కడ రాళ్ళ మధ్య పాయలు పాయలుగా చీలి, గలగలమంటూ పోతోంది. నీళ్ళలో నిలబడితే కాలివేళ్ళు కనపడ్డాయి. సత్యవతి దోసిలితో తాగి చూసి, తియ్యగా ఉన్నాయని ఆశ్చర్యపోయింది. పెళ్ళికి ముందు పిల్ల ఎలా ఉండేదో చూసినట్టుంది అంది. ఒడ్డున వేడి వేడి మక్కగారెలు అమ్ముతున్నారు. మక్కలంటే మొక్కజొన్నలు. అల్లం, పచ్చిమిరపకాయ నూరి కలిపిన ఆ గారెలు కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా ఆపకుండా తిన్నాం.

సాయంత్రం పడవ

లక్సెట్టిపేట నది అవతల. మేము ఎక్కాల్సిన బస్సు చెడిపోయింది. లక్సెట్టిపేట క్లబ్బుకి ఫోను చేస్తే, దిగువ రేవులో పడవ ఉందని, అవతలి గట్టుకి క్లబ్బు అధ్యక్షుడు గంగారెడ్డి గారి జీపు వచ్చేలా చూస్తామని చెప్పారు. మేం పడవెక్కేసరికి పొద్దు వాలుతోంది.

పడవ నడిపేవాడు పోశెట్టి. నలభై ఏళ్ళ మనిషి, చేతిలో పొడుగాటి గెడ. ఎక్కినవాళ్ళలో నర్సవ్వ అనే ఆవిడ సత్యవతి పక్కన కూర్చుంది. లక్సెట్టిపేటలో సాలెవాళ్ళ వీధి. ఇంట్లో నేసిన తువ్వాళ్ళు ధర్మపురి యాత్రికులకి అమ్ముకుని తిరిగి వెళ్తోంది. అమ్ముడుపోనివి పెద్ద మూటగా ఒళ్ళో పెట్టుకుంది. రేవు దాటేలోపు ఇద్దరాడవాళ్ళూ ఒకరి పిల్లల సంగతులు ఒకరు తెలుసుకున్నారు.

సగం నది దాటేసరికి చీకటి పడింది. అవతలి గట్టున మంట ఒకటి కనిపించింది. రోజూ ఆ వేళకి రేవు గుర్తుగా ఎవరో ఒకరు పత్తికట్టె మంట వేస్తారట. పోశెట్టి పడవని అటు తిప్పాడు. కాసేపటికి కొంచెం దిగువన ఇంకో మంట కనపడింది. రెంటిలో ఏది రేవుదో ఎవరికీ తెలియలేదు. గట్టు మీంచి ఎవరో కేక వేస్తున్నారు కాని గాలికి మాట అందలేదు. ఇంతలో పడవ అడుగున రాయి తగిలి ఒక పక్కకి ఒరిగింది.

నర్సవ్వ మూటతో సహా నీళ్ళలోకి జారింది. నేను చటుక్కున మూట పట్టుకున్నాను. సత్యవతి మనిషిని పట్టుకుంది. ఈ తేడా గురించి మా ఇంట్లో ఇప్పటికీ మాటలు పడుతున్నాను. పోశెట్టి గెడ వదిలి నీళ్ళలోకి దూకి, ఛాతీలోతు నీళ్ళలో నిలబడి పడవని భుజంతో నెట్టి నిలబెట్టాడు. అందరం తడిశాం గాని ఎవరికీ ఏమీ కాలేదు. పూతరేకుల డబ్బా మాత్రం మా ఊరి వైపే తేలుతూ పోయింది. ఎన్నాళ్ళకో ఒకనాటికి అంతర్వేది చేరుతుందిలే అనుకుని నవ్వుకున్నాం.

గట్టు చేరాక తెలిసింది, మేం నమ్మిన మంట గొర్రెల కాపర్లు వంటకి వేసుకున్నది. పోశెట్టి తల వంచుకుని నిలబడ్డాడు.

"నా కండ్లు మంచిగనే ఉన్నయ్ సార్. చీకట్ల మంటలన్ని ఒక్క తీరుగనే ఉంటయ్," అన్నాడు.

నర్సవ్వ కొంగు పిండుకుంటూ, తన తోడికోడలు లచ్చవ్వ పోయిన వానాకాలం ఇక్కడే పడవ రాయికి కొట్టుకుని నీళ్ళలో పోయిందని చెప్పింది. వానాకాలంలో ఇదే చోట మనిషికి రెండింతల లోతు ఉంటుందట. ఆ మాట విన్నాక మాలో ఎవరూ నవ్వలేదు.

లక్సెట్టిపేట: తోరణమా, దీపమా

గంగారెడ్డి గారు తెల్లమీసాల భారీ మనిషి. మేం తడిసిన సంగతి విని ఆయన పడ్డ బాధ అంతా ఇంతా కాదు. రోడ్డు మీద ధర్మపురి దాకా జీపు పంపకపోవడం తన తప్పేనని పదిసార్లు అన్నారు. వేడి నీళ్ళు, దుప్పట్లు, పచ్చిపులుసు, రాత్రికి పాలు. పచ్చిపులుసు అంటే చింతపండు రసం కాచకుండా ఉల్లిపాయ, నువ్వులపొడి వేసి పోసేది. చారు కాచకపోతే ఎలా అని మొహం చిట్లించిన సత్యవతి, మరుసటి రోజు తనే అడిగి పోయించుకుంది.

నర్సవ్వ తువ్వాళ్ళ మూట మా సామానుతో పాటే జీపులో వచ్చేసింది. తెల్లారగానే సత్యవతి వాటిని గంగారెడ్డి గారి మేడ మీద పిట్టగోడల పొడుగునా ఆరేసింది. ఊరి పెద్ద గనక ఆయన్ని అక్కడ పటేలు అంటారు. పటేలు బట్టల దుకాణం పెట్టిండా అని దారిన పోయేవాళ్ళు అడిగి వెళ్ళారు. గంగారెడ్డి గారు అదేమీ పట్టించుకోలేదు. ఆయన ధ్యాసంతా ఒక కాగితం మీద గీసిన బొమ్మ మీద ఉంది. బజారు మొదట్లో సిమెంటుతో స్వాగత తోరణం, దాని రెండు కాళ్ళకీ పాలరాతి పలకలు, వాటి మీద క్లబ్బు సభ్యులందరి పేర్లు. క్లబ్బు దగ్గరున్న డబ్బంతా దానికే అనుకున్నారు. రాయి కూడా వచ్చేసింది.

సాయంత్రం పంచాయతీ ఆఫీసు హాల్లో సమావేశం. నేను అద్దాల సంగతి వదిలేసి, ముందురోజు పడవలో ఏం జరిగిందో చెప్పాను. ఒక్క దీపం ఉంటే చాలదని, ఎవరి మంటో తెలియదని అన్నాను. రేవుల్లో ఓడలకి దారి చూపించడానికి రెండు దీపాలు పెడతారు. ఒకటి కింద, ఇంకొకటి వెనకగా ఎత్తు మీద. నీళ్ళలోంచి చూసినప్పుడు రెండూ ఒకదాని మీద ఒకటి నిలబడి కనిపిస్తే దారి సరైనది. పక్కకి విడిపోతే రాళ్ళ వైపు పోతున్నట్టు.

మాటల్లో ఎవరికీ అర్థం కాలేదు. రెండు కందిళ్ళు తెప్పించాను. మేం లాంతరు అనేదాన్ని ఇక్కడ కందిలి అంటారు. ఒకటి బల్ల మీద పెట్టి, రెండోది దాని వెనక బీరువా మీద పెట్టి, హాల్లో మిగతా దీపాలు తీసేయించాను. ఇప్పుడు మీరే పడవ అని గంగారెడ్డి గారిని గుమ్మం దగ్గర నిలబెట్టాను. ఆయన ఎడమకి జరిగితే దీపాలు విడిపోయాయి, కుడికి జరిగితే కలిశాయి. దాంతో సభ్యులంతా కుర్చీలు వదిలి గుమ్మం దాకా పోవడం, దీపాలు చూసుకుంటూ బల్ల దగ్గరికి నడిచి రావడం. ఒక మాస్టారు కావాలని వంకరగా నడిచి గోడకి కొట్టుకున్నాడు. ఇక్కడా జరిమానాల రేకు డబ్బా ఉంది, వెంటనే ఆయనకి రూపాయి పడింది.

గంగారెడ్డి గారు మాత్రం మళ్ళీ కుర్చీలో కూర్చోగానే మొహం బిగించారు. బొమ్మ గీయించాం, రాయి వచ్చింది, మేస్త్రీకి మాట ఇచ్చాం, దీపాల సంగతి వచ్చే ఏడాది చూద్దాం అన్నారు. హాలు చల్లబడింది.

అప్పుడు సత్యవతి వంతు. ఆవిడ లేచి, తను మాట్లాడటం లేదని, తన సమయం ఇంకొకరికి ఇస్తున్నానని చెప్పింది. తువ్వాళ్ళ కోసం వచ్చిన నర్సవ్వని వెంట తెచ్చి గుమ్మం పక్కన కూర్చోబెట్టుకుందన్న సంగతి నాకు కూడా అప్పుడే తెలిసింది. అతిథి ఏం మాట్లాడాలన్నది అతిథి ఇష్టం కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు.

నర్సవ్వ కొంగు భుజాల చుట్టూ కప్పుకుని నిలబడింది. గొంతు మొదట వినపడలేదు.

"నాకు మాట్లాడ రాదు. మా లచ్చవ్వ పోయిన్నాడు మీరందరు మా ఇంటికొచ్చిండ్రు. బియ్యం తెచ్చిండ్రు, పిల్లలకు బట్టలిచ్చిండ్రు. నేను మర్సిపోలే. గాని మీరు మల్ల ఇంకొకలింటికి గట్ల బియ్యం తీస్కపోవుడు నాకిష్టం లేదు. గంతే." కొంచెం ఆగి, వెళ్ళబోతూ వెనక్కి తిరిగింది. "తోరణం గూడ కట్టుండ్రి పటేలా. ఊరికి అందముంటది. ముందుగాల దీపాలు పెట్టుండ్రి."

గంగారెడ్డి గారు చాలాసేపు ఏమీ అనలేదు. బల్ల మీద కందిలి వైపు చూస్తూ కూర్చున్నారు. తర్వాత జేబులోంచి రూపాయి తీసి, తనే లేచి వెళ్ళి రేకు డబ్బాలో వేశారు.

"అధ్యక్షుడు గింతసేపు నోరు మూసుకొని కూసునుడు తప్పు. జరిమానా," అన్నారు. "మా పాత కొట్టంల టేకు కంబాలున్నయ్. రెండు నేనిస్త. తోరణం ఎటూ పోదు."

చప్పట్లు కొడుతూ సభ్యులు లేచి నిలబడ్డారు. సత్యవతి నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను.

మర్నాడు పొద్దున అందరం రేవుకి పోయాం. పోశెట్టి రాళ్ళన్నీ చూపించి, రాళ్ళు లేని దారిలో పడవ నిలబెట్టాడు. గట్టు మీద మేం రెండు గెడలు పట్టుకుని, వాడికి ఒకదాని మీద ఒకటి కనపడేదాకా అటూ ఇటూ జరిగాం. వాడు ఊ అన్నచోట గుంతలు తవ్వించాం. గంగారెడ్డి గారు గట్టున తిరుగుతూ కేకలు వేస్తున్నారు కాని, పోశెట్టి ఎంత పిలిచినా పడవ ఎక్కలేదు. నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించారు.

"గీ గోదారొడ్డున పుట్టిన. ఒక్కనాడు పడవెక్కలే సార్. నీళ్ళంటే నాకు భయం. ఎవ్వరికి చెప్పకుండ్రి."

ఇప్పుడు నేను దీన్ని రాస్తున్నానంటే, తర్వాత ఆయనే ఒప్పుకోబట్టి.

ఖానాపూర్: ఒకే గంటకి ఇద్దరు

కంబాలు నాటిన చోట సిమెంటు ఆరాలి, గాలికి దీపం ఆరకుండా అద్దాల పెట్టెలు చేయించాలి. ఈలోగా ఖానాపూర్ వెళ్ళొచ్చాం. దారి పొడుగునా టేకు చెట్లు. మా కొబ్బరిచెట్లు చూసిన కంటికి ఈ చెట్ల ఆకులు విస్తళ్ళలా కనపడ్డాయి. ఇక్కడి మాటల్లో మరాఠీ కలుస్తుంది. హోటల్లో ఒకాయన నన్ను "కాకా" అని, అంటే బాబాయ్ అని పిలిచి బెంచీ మీద చోటు ఇచ్చాడు.

ఖానాపూర్ క్లబ్బు చిన్నది. ఒక బియ్యం మిల్లు వెనక గదిలో, పక్క బడి నుంచి తెచ్చిన గంటతో సమావేశం. మేం వెళ్ళేసరికి వేదిక మీద ఇంకొకాయన కూర్చుని ఉన్నాడు. ఆదిలాబాద్ నుంచి వచ్చిన పశువుల డాక్టరు. పొరపాటున ఇద్దరినీ ఒకే రోజుకి పిలిచారు. మిల్లు యజమాని పరేషాన్ అయిపోయాడు గాని, డాక్టరు నవ్వి, నువ్వు కొంచెం నేను కొంచెం అన్నాడు. సత్యవతి తన సగం ఆయనకి వదిలేసింది. ఆయన గాలికుంటు వ్యాధి గురించి కాసేపు చెబితే, నేను తుఫాను గురించి కాసేపు. సభ్యులంతా రైతులు. పశువుల డెక్కల దగ్గర లేచి కూర్చునేవాళ్ళు, సముద్రం దగ్గర మర్యాదగా తల ఊపేవాళ్ళు. సముద్రం మీద ప్రశ్నలు అడిగిందల్లా ఆ డాక్టరే. చివర్లో వందన సమర్పణ చేసినాయన కంగారులో, ఎద్దుల డెక్కలకి మంచి మందు చెప్పినందుకు నాకు, తుఫానులో ఓడల్ని కాపాడినందుకు డాక్టరుకి కృతజ్ఞతలు చెప్పాడు. ఇద్దరం లేచి దణ్ణం పెట్టాం.

రాత్రి భోజనంలో జొన్నరొట్టె, పుంటికూర పప్పు. పుంటికూర అంటే ఏదో కొత్త కూరని ఆశపడి చూస్తే అది మన గోంగూరే. పేరు మీద సత్యవతీ, మిల్లు యజమాని భార్యా భోజనమంతా వాదించుకున్నారు. చివరికి వెళ్ళేటప్పుడు ఆవిడ ఒక సంచి నిండా పుంటికూర గింజలు ఇచ్చింది. వాటిని మా పెరట్లో చల్లాం. ఏ పేరుతో పిలిచినా మొలిచాయి.

ఇసుకలో సమావేశం

తిరిగి వచ్చేసరికి రెండు కంబాలూ నిలబడి ఉన్నాయి. ఒకటి నీళ్ళకి దగ్గరగా పొట్టిది, ఇంకొకటి వెనక గట్టు మీద పొడుగ్గా. ఆ వారం లక్సెట్టిపేట క్లబ్బు సమావేశం హాల్లో కాదు, రేవులోనే. ఇసుకలో జంపఖానాలు పరిచారు. ఇత్తడి గంట, రేకు డబ్బా కూడా వచ్చాయి. సాలెవాళ్ళ వీధి ఆడవాళ్ళు, పక్క పల్లె వాళ్ళు, గొర్రెల కాపర్లు అందరూ చేరారు. సత్యవతి ముందురోజంతా గంగారెడ్డి గారి వంటింట్లో కూర్చుని నేతి బూరెలు చేసింది. పూతరేకులు నదికి ఇచ్చాం గనక, వీళ్ళకి ఇవి.

రోజూ సాయంత్రం దీపాలు వెలిగించే పని పోశెట్టి భార్య రాజవ్వ తీసుకుంది. కిరసనాయిలు క్లబ్బుది. ఆవిడ నిచ్చెన ఎక్కి మొదటి కందిలి వెలిగించి, రెండోదానికి పోయేసరికి అందరూ అటు తిరిగారు.

గంగారెడ్డి గారు గంట కొట్టి, ఈ వారం అతిథి వక్త పోశెట్టి అని ప్రకటించారు. పోశెట్టి ఒంటి మీద తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. రెండు చేతులూ జోడించి అందరి వైపూ చూశాడు.

"ఎక్కుండ్రి, చూపిస్త," అన్నాడు. అదే వాడి ఉపన్యాసం.

సభ్యులు ఒక్కరొక్కరే ఎక్కారు. నర్సవ్వ ఎక్కింది, మేం ఎక్కాం. అతిథి వెంట అధ్యక్షుడు ఉండాలి కదా అని మాస్టారు గట్టిగా అన్నాడు. రేకు డబ్బా గలగలలాడించాడు కూడా. గంగారెడ్డి గారు నా వైపు చూశారు. నేను చెయ్యి చాచాను. ఆయన పంచె ఎగ్గట్టి, నా చెయ్యి పట్టుకుని, పడవలోకి అడుగు పెట్టి, అడుగున చెక్క మీద చతికిలబడిపోయారు. ఆ పట్టు నా మణికట్టు మీద చాలాసేపు ఎర్రగా ఉండిపోయింది.

అవతలి గట్టు దాకా ఆయన కళ్ళు తెరవలేదు. ధర్మపురి స్వామి పేరు లోలోపల అనుకుంటున్నట్టు పెదవులు కదులుతున్నాయి. పోశెట్టి పడవ వెనక్కి తిప్పేసరికి పూర్తిగా చీకటి పడింది.

నర్సవ్వ వంగి ఆయనతో నెమ్మదిగా అంది: "కండ్లు తెరువుండ్రి పటేలా. కందిళ్ళు చూడుండ్రి. మస్తుగ కనవడుతున్నయ్."

ఆయన ముందు ఒక కన్ను తెరిచారు. తర్వాత రెండోది. గట్టు మీద రెండు దీపాలు, కొంచెం పక్కపక్కగా. పడవ మెల్లగా జరుగుతుంటే అవి ఒకదాని దగ్గరికొకటి వచ్చి, పైదీ కిందదీ ఒక గీతలో నిలబడ్డాయి. మా పక్కనే చీకట్లో రాళ్ళ మీద నీళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది, కాని అది పక్కనే ఉండిపోయింది. దీపాలు కాస్త విడిపోగానే గంగారెడ్డి గారు కూర్చున్న చోటు నుంచే చెయ్యి ఎత్తారు.

"ఎడమకు పోశెట్టీ, జర ఎడమకు. ఆ, గట్లనే. ఇగ సీదా."

చిన్నప్పటి నుంచీ ఆ నది మీదే ఉన్న పోశెట్టి, ఆయన చెప్పినట్టే గెడ వేశాడు. చీకట్లో వాడి పళ్ళు మెరిశాయి. నర్సవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పడవ ముక్కు మెత్తగా ఇసుకని తాకింది. గట్టు మీద వాళ్ళు చప్పట్లు కొట్టారు. రాజవ్వ పడవ తాడు అందుకుని మేకుకి కట్టబోయింది. అందరం దిగుతున్నాం. గంగారెడ్డి గారు మాత్రం లేవలేదు. భయంతో కాళ్ళు రాలేదేమోనని మళ్ళీ చెయ్యి అందించాను. ఆయన నా చెయ్యి చూడలేదు. వెనక్కి తిరిగి, చీకటి నది వైపు చూస్తున్నారు.

"పోశెట్టీ," అన్నారు, "ఇంకొక్కపారి పోయొద్దామా?"

రాజవ్వ తాడు వదిలేసింది.